మా డాబా మీద పాపులు, పంచాయతీలు

ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో నిశ్శబ్దంగా చదవడమంటే చదవకపోవడం కిందే లెక్క. గొంతు గుమ్మం దాటి వీధిలోకి వినబడితేనే పిల్ల చదువుతున్నట్టు. మా అమ్మ వంటింట్లో పోపు పెడుతూనే నా చదువుకు చెవులతో కాపలా కాసేది. కాస్త గొంతు ఆగిందంటే చాలు, "ఏంటే, నిద్రపోయావా?" అని కేక. మా ఇల్లొక్కటే కాదు, వీధి పొడుగునా డాబాల మీద, నీళ్ల ట్యాంకుల నీడన, గ్రూప్స్ పరీక్షలకు చదివే హాస్టల్ అన్నలు పుస్తకాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ పైకే చదివేవాళ్లు. ఒక డాబా మీద నదులు పారేవి, ఇంకో డాబా మీద రాజవంశాలు కూలేవి, మా పక్క డాబా మీద రాజ్యాంగం అమల్లో ఉండేది. మధ్యలో మా డాబా మీద నేను, తొలినాటి అమెరికా సాహిత్యం.

తొలినాటి అమెరికా సాహిత్యమేమిటి, నారాయణగూడ స్కూలేమిటి అని మీరడగొచ్చు. మా నాన్న కూడా అడిగారు. సంగతేమిటంటే, నేను తొమ్మిదో క్లాసుకు వచ్చిన ఏడాదే మా కరెస్పాండెంట్ గారికి (స్కూలు ఓనరు అని ఎవరైనా అంటే ఆయనకు కోపం) 'ఇంటర్నేషనల్ సెక్షన్' పెట్టాలనిపించింది. ఇంటర్నేషనల్ అంటే మామూలు సెక్షన్ పిల్లలకు ఎర్ర టై, మాకు నీలం టై. దానికి తోడు ఒక అమెరికా పుస్తకం. దాన్ని ఆయన ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పట్టుకొచ్చారు. అక్కడి హైస్కూలు పిల్లలు చదువుకునే వాళ్ల సాహిత్యం, దిండంత లావు, మొదటి భాగం. రెండో భాగం ఆ ఫుట్‌పాత్ మీద దొరకలేదు. అందువల్ల మాకు తెలిసిన అమెరికాలో కరెంటు లేదు, రైలు లేదు, నవ్వే మనిషి లేడు. నల్ల బట్టలు, చలి, మొక్కజొన్న, దేవుడి కోపం, అంతే. ఉన్న ఒక్క పుస్తకాన్నీ స్కూలు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో కాపీలు తీయించి మాకు పంచారు. ఆ షాపతను ఏ తొందరలో ఉన్నాడో, నా కాపీలో ప్రతి పేజీకీ కుడి అంచు తెగిపోయింది. వాక్యాల చివర్లు ఉండేవి కావు. పాపులు నరకానికి పోతారని తెలిసేది గానీ, పోయాక ఏమవుతుందో పక్కదాని కాపీలో చూసుకోవాల్సి వచ్చేది.

ఈ పుస్తకం చెప్పడానికి హైదర్‌గూడ నుంచి స్కూటీ మీద ఒకావిడ వచ్చేవారు. మేం ఆవిడకు ఓడ మేడం అని పేరు పెట్టాం. ఎందుకంటే మొదటి పాఠం, ఇంగ్లండు వదిలి అమెరికాకు ఓడెక్కిన భక్తుల గురించి. జూన్‌లో బయల్దేరిన ఆ ఓడ దసరా సెలవులకు కూడా రేవు చేరలేదు. ఆవిడ చేరనిచ్చేవారు కాదు. "కళ్లు మూసుకోండర్రా. తుఫాను. దీపం ఆరిపోయింది. పిల్లాడెవరో ఏడుస్తున్నాడు" అంటూ మమ్మల్ని బెంచీల మీద అటూ ఇటూ ఊగమనేవారు. నలభై మందిమి ఊగేవాళ్లం. కింద లెక్కల సారు పైకొచ్చి, పైకప్పు పెచ్చులు రాలుతున్నాయని చెప్పి వెళ్లేవారు. నా పక్కది ఒకసారి లేచి, "మేడం, ఇది పరీక్షలో వస్తుందా?" అని అడిగింది. "రాదు" అన్నారావిడ హాయిగా. పదేళ్ల చదువులో మాతో నిజం చెప్పిన టీచరు ఆవిడొక్కరే. మాకు ఆవిడంటే ప్రాణం.

తల్లిదండ్రులకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది. ఈ పుస్తకానికి గైడు లేదు, కొశ్చన్ బ్యాంకు లేదు, ట్యూషన్ చెప్పేవాళ్లు అంబర్‌పేట దాకా వెతికినా లేరు. ఒక రోజు చాక్‌పీసుల కోసం స్టాఫ్‌రూంకి వెళ్తే లోపల కరెస్పాండెంట్ గారి గొంతు వినిపించింది.

"మేడం, పేరెంట్స్ పరేషాన్ చేస్తున్నరు. పిల్లలు ఓడెక్కిండ్రు గని దిగుతలేరంటున్నరు. ఇగ జూడుండ్రి, యాన్యువల్ డే నాడు మీ సెక్షన్ పిల్లలు స్టేజీ మీద ఇంగ్లిష్ దంచాలె. దంచితే సెక్షన్ ఉంటది. లేదంటే వచ్చే ఏడు మీకు ఎల్‌కేజీ రైమ్సే."

మేడం ఎల్‌కేజీ పిల్లల మధ్య నిలబడి చేతులు తిప్పుతూ రైమ్స్ చెప్పడం నా కళ్ల ముందు కదిలింది. చాక్‌పీసులు తీసుకోకుండానే తిరిగొచ్చేశాను. మర్నాడు ఆవిడ క్లాసులో పుస్తకం తిరగేసి, ఆ కాలపు పాదిరి ఎవరో గుడిసె చర్చిలో చేసిన ప్రసంగం ఒకటి ఎంచుకున్నారు. పాపులను పట్టుకుని దులిపేసే ప్రసంగం. దానికి నన్ను ఎంచుకున్నారు. "నీ ఇంగ్లిష్ సంగతి నాకు తెలుసు. కానీ అంత గొంతు ఇంకెవరికీ లేదమ్మా" అన్నారు. నేను దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను. అశోక్‌నగర్ డాబాల మీద సాధించిన గొంతది, మరి.

తెల్లవారక ముందే డాబా ఎక్కి మొదలుపెట్టాను. "అవేక్, ఓ రెచెడ్ సిన్నర్! దై సోల్ ఈజ్ ఎ లీకింగ్ బోట్!" మేలుకో ఓ దౌర్భాగ్యపు పాపీ, నీ ఆత్మ చిల్లుపడ్డ పడవ, అని దాని భావం. మా డాబాకీ పక్క హాస్టల్ డాబాకీ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే ఆ అన్నలంతా అక్కడే పడుకునేవాళ్లు. మొదటి రోజు నా కేకకు దుప్పట్లన్నీ ఒక్కసారే కదిలాయి. అందులోంచి లేచాడు ఆర్టికల్ అన్న. నల్గొండ దగ్గర పల్లె. పొద్దస్తమానం రాజ్యాంగం ఆర్టికల్స్ వల్లెవేస్తాడని ఆ పేరు, మేం పెట్టిందే.

"ఏందమ్మా, పొద్దుగాల పొద్దుగాల ఎవల్ని తిడుతున్నవ్?"

"తిట్టడం కాదన్నా. అమెరికన్ లిటరేచర్."

"గట్లనా?" అని కాసేపు ఆలోచించాడు. "మస్తున్నది. మా సర్పంచ్ యాదికొచ్చిండు."

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ పిట్టగోడ స్నేహం. ఇటు నేను పాపులను లేపుతుంటే, అటు ఆయన పంచాయతీలు స్థాపించేవాడు. మిగతావాళ్లు తెలుగులో చదువుతుంటే ఈయన మాత్రం ఇంగ్లిష్ మీడియం. "ఇంగ్లిష్‌ల రాస్తే పోటీ తక్కువుంటదన్నరు చెల్లె" అనేవాడు. ఎవరన్నారో ఆయనకూ తెలియదు. అర్థమైనా కాకపోయినా ఆయన పద్ధతి మా అందరి పద్ధతే. గొంతులోకి ఎక్కితే చాలు, తలలోకి ఎక్కేది నెమ్మదిగా ఎక్కుతుంది. కొన్నాళ్లకు హాస్టల్లో అలారాలు మానేశారు. సాయంత్రం గోడ మీంచి నాకు అర్జీలు వచ్చేవి. "చెల్లె, రేపు మాకు మాక్ టెస్ట్ ఉన్నది. జర జల్దీ లేపవా పాపిని?" అని. మా అమ్మమ్మ మాత్రం, తెనాలి మనిషి, తట్టుకోలేకపోయింది. "లేచీ లేవకుండా ఆడపిల్ల నోట శాపనార్థాలేమిటే?" అని ఓ రోజు ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటుగా దగ్గు తెప్పించలేదట, దిష్టి గట్టిదేనని తేల్చింది.

యాన్యువల్ డే చిక్కడపల్లిలో ఓ సభాభవనంలో. పాదిరి వేషానికి నాన్న స్నేహితుడైన వకీలు గారి నల్లగౌనూ, మెడకు తెల్లపట్టీలూ అరువు తెచ్చారు. గౌను నేల మీద ఈడుస్తోంది. ముందు వరసలో కరెస్పాండెంట్ గారు, ఆయన పక్కన ముఖ్య అతిథి, ఎవరో రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్. వెనక వరసలో, నేను పిలిచినందుకు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చిన ఆర్టికల్ అన్న, హాస్టల్ అన్నలు. తెర పక్కన మేడం, కొంగు చివర గుప్పెట్లో నలుపుతూ.

మొదట్లో అదరగొట్టాను. పడవకు చిల్లు పెట్టాను, నీళ్లు ఎక్కించాను, ముందు వరసలో ఓ చంటివాడు జడుసుకుని ఏడ్చాడు కూడా. మేడం మొహంలో వెలుగొచ్చింది. అప్పుడొచ్చింది ఆ వాక్యం. "దేర్ షల్ బి నో హార్బర్ ఫర్ దీ", అంటే నీకిక ఏ రేవూ లేదు అని. నా జిరాక్స్ కాపీలో 'దేర్ షల్ బి' దగ్గర అంచు తెగిపోయింది. మిగతా ముక్క పెన్సిల్‌తో రాసుకున్నాను గానీ, స్టేజీ మీద కళ్ల ముందుకొచ్చింది తెగిన అంచే. "దేర్ షల్ బి..." అన్నాను. హాలంతా నా వైపే చూస్తోంది. "దేర్ షల్ బి..." అన్నాను మళ్లీ. ఆ పాదిరి గారికీ, రాజ్యాంగం రాసిన పెద్దలకూ ఈ మాటంటే ఎంతిష్టమో నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఎందుకంటే నా నోరు నన్ను అడక్కుండానే ముందుకు సాగిపోయింది.

"దేర్ షల్ బి పంచాయత్స్! ఎట్ ద విలేజ్, ఇంటర్మీడియట్ అండ్ డిస్ట్రిక్ట్ లెవెల్స్!"

ఆపుదామంటే ఆగదే. వల్లెవేసిన చదువు కొళాయి లాంటిది కాదు, కట్టేయడానికి. అదే గొంతు, అదే ఉగ్రం, పాపుల వైపు చూపించాల్సిన వేలు గాల్లోకి లేపి, గ్రామసభ పెట్టాను, పదవీకాలం ఐదేళ్లన్నాను, మహిళలకు మూడో వంతు సీట్లన్నాను. మహిళల దగ్గరికొచ్చేసరికి తల్లులంతా చప్పట్లు కొట్టారు. కరెస్పాండెంట్ గారు కూడా తల ఊపుతున్నారు (ఇంగ్లిష్ ఆగకుండా వస్తోంది, అంతకంటే ఆయనకేం కావాలి). నేను దారి తప్పానని అర్థమైనవాళ్లు హాల్లో ముగ్గురే. ముక్కు మీద కళ్లజోడు సర్దుకుంటున్న ముఖ్య అతిథి, కొంగు నోట్లో కుక్కుకున్న మేడం, ఇంకా ఆర్టికల్ అన్న. పాపం, ఆయన ఉండబట్టలేక వెనక వరసలో లేచి నిలబడ్డాడు.

"చెల్లె! గది నాది! నీది నో హార్బర్!"

వెంటనే హాస్టల్ వరసంతా లేచింది. ఇన్నాళ్లు దుప్పట్లలోంచి విన్న పాఠం వాళ్లకు మాత్రం రాకుండా ఉంటుందా? "నో హార్బర్ ఫర్ దీ!" అని ఒక్క గొంతుతో అరిచారు. ఆ మాట అందుకుని నేను మళ్లీ పడవెక్కాను. పాపులను వాళ్ల నరకంలో దిగబెట్టి, వంగి నమస్కారం చేశాను. హాలు మారుమోగింది. చర్చిలో భక్తుల్ని కూడా నాటకంలో పెట్టారు కాబోలని అందరూ అనుకున్నారట.

ఒక్క ముఖ్య అతిథి తప్ప. ఆయన మైకు అందుకున్నారు. "అమ్మాయి గొంతు అమోఘం. అయితే ఒక సందేహం. ఆ కాలపు పాదిరి గారికి మన పంచాయతీరాజ్ గురించి ఎలా తెలిసిందో, టీచర్ గారు చెప్పాలి."

కరెస్పాండెంట్ గారి తల మెల్లగా మేడం వైపు తిరిగింది. నేను ఆ వకీలు గారి గౌనును రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను, పారిపోవడానికన్నట్టు. నా ఒక్కదాని నోటి వల్ల ఆవిడ వచ్చే ఏడు ఎల్‌కేజీకి పోతారు.

మేడం తెర వెనక నుంచి వచ్చి నా భుజం మీద చెయ్యేశారు. ఆ చెయ్యి చల్లగా ఉంది. గొంతు మాత్రం క్లాసులో తుఫాను తెప్పించే గొంతే. "సార్, ఆ మనుషులు ఒడ్డున కాలు పెట్టక ముందే, ఓడలోనే కూర్చుని, మమ్మల్ని మేమే పాలించుకుంటాం అని ఒప్పందం రాసుకున్నారు. పాపం సంగతి పైవాడు చూసుకుంటాడు, ఊరి సంగతి మనమే చూసుకోవాలి అన్నది వాళ్ల ఆలోచన. మన దగ్గర ఆ పని ఎవరు చేస్తున్నారని క్లాసులో అడిగాను. అదీ ఈ అమ్మాయి జవాబు."

అడగలేదు. అసలు ఆ ఓడ అంత దూరం రానే లేదు మా క్లాసులో. కానీ పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "తులనాత్మక అధ్యయనం! తొమ్మిదో క్లాసులో!" అన్నారు. అంతే. తులనాత్మకం అంటే ఏమిటో తెలియకపోయినా కరెస్పాండెంట్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెర వెనక మేడం నన్ను కావలించుకుని నవ్వారో ఏడ్చారో ఇప్పటికీ చెప్పలేను. "ఏం చేశావే, రాక్షసీ" అని మాత్రం అన్నారు. సెక్షన్ ఉండిపోయింది. ఓడ పదో క్లాసులో రేవు చేరింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆర్టికల్ అన్న స్వీట్ డబ్బాతో మా ఇంటికొచ్చాడు, ఉద్యోగం వచ్చిందని. "ఇంటర్వ్యూల హాబీలేందని అడిగిండ్రు చెల్లె. అమెరికన్ లిటరేచర్ అన్న. ఏదీ, జర చెప్పుమన్నరు. లేచి నిలబడి, అవేక్ అన్న. అందరు లేచిండ్రు!" అన్నాడు. అమ్మమ్మ ఆయనకు కూడా దిష్టి తీసింది.

ఇప్పుడు మేం అంబర్‌పేటలో ఉంటున్నాం. మొన్న పనుండి అశోక్‌నగర్ వైపు వెళ్తే, డాబాల మీద ఒక్కరూ లేరు. అందరూ ఏసీ స్టడీ రూముల్లో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పెదవి కదపకుండా చదువుకుంటున్నారట. వీధి అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు దిగులేసింది. ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి సోషల్ పుస్తకం ముందేసుకుని, "అమ్మా, పంచాయతీల గురించి నీకేమైనా తెలుసా?" అంది. ఇంత ధీమాగా నేనింకే ప్రశ్నకూ లేవలేదు. వేలెత్తి మొదలుపెట్టాను. "దేర్ షల్ బి పంచాయత్స్..." ఊళ్లు అయ్యాయి, జిల్లాలు అయ్యాయి, మహిళలు అయ్యారు, ఆ ఊపులోనే పడవకు చిల్లు పడింది, నీళ్లెక్కాయి.

"అమ్మా, మా పుస్తకంలో పడవ లేదు" అంది అది నోరెళ్లబెట్టి.

"ఉంటుంది, సరిగ్గా చూడు" అన్నాను. "దేర్ షల్ బి..." దగ్గరకొచ్చేసరికి మళ్లీ ఆ తెగిన అంచే. మా అమ్మాయి నా వంకే చూస్తోంది. తర్వాతి ముక్క నాకు తెలియక కాదు. వెనక నుంచి ఎవరైనా అందిస్తారేమోనని, అలవాటు కొద్దీ, కాసేపు ఆగాను.