గడపలో మజ్జిగ బేసిను

మస్తాన్‌బీ టీచరు ఇక లేరన్న వార్త పొద్దున ఏడింటికి, టీ కప్పు చేతిలో ఉండగా నాకు చేరింది. ఫోను చేసింది ఆమె అంగన్‌వాడీ కేంద్రంలో ఆయాగా పనిచేసే చిట్టెమ్మ. "టీచరు లేవలేదు మేడమ్," అంది. ఒంట్లో బాగాలేదేమో, కాసేపు పడుకోనివ్వమన్నాను.  "లేపామండి," అంది. ఆ ఒక్క మాటతో అర్థమైంది. అర్థమయ్యాక నేను అడిగిన మొదటి ప్రశ్న ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది: "మరి సెంటరు ఎవరు తెరుస్తున్నారు?" దుఃఖం కూడా నాకు ఆఫీసు ద్వారా రావాలి కాబోలు. అది నా దాకా వచ్చేసరికి గంట పట్టింది. అప్పటికి టీ చల్లారింది. కప్పు ఇంకా చేతిలోనే ఉంది.

నేను ఆ ప్రాంతపు అంగన్‌వాడీ కేంద్రాలకు సూపర్‌వైజర్ని. సూపరూ కాదు, వైజూ కాదని మా ఇంట్లో వాళ్ళ అభిప్రాయం. మస్తాన్‌బీగారి కేంద్రం నా పరిధిలో చిట్టచివరి ఊళ్ళో, మిరప చేల నడుమ ఉంటుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె అక్కడే పనిచేశారు. వాత్సల్యమూర్తి, సేవాతత్పరురాలు వంటి మాటలు సంతాపసభల్లో నేనూ వాడతాను. ఆమెకు మాత్రం అవి కొలత తప్పిన రవికల్లా ఉంటాయి. భర్త వలీగారు ఆ ఊరి దర్జీ. కొలత తప్పితే ఆయన ఒప్పుకోరు. అందుకని చూసింది చూసినట్టే రాస్తాను.

నేను ఆ ప్రాంతానికి బదిలీ మీద వచ్చిన కొత్త. మిరప కోతల కాలం. కేంద్రం నాలుగింటికి మూయాలి. తాళం సరిగా వేశారో లేదో చూద్దామని ఐదున్నరకు వెళ్ళాను. తాళం లేదు సరికదా, లోపల గదినిండా పిల్లలు. గడపలో పెద్ద సత్తు బేసిను, దాని నిండా మజ్జిగ. నా ఉద్యోగపు ముక్కు వెంటనే పనిచేసింది. పిల్లలకూ బాలింతలకూ వచ్చే పాలను ఈవిడ తోడేసుకుంటోందన్నమాట. తప్పులు పట్టడంలో నేను తప్పడం జరగదని అప్పట్లో నాకో నమ్మకం.

అంతలో పొలం నుంచి ఆటో వచ్చింది. అందులోంచి దిగిన ఒక తల్లి గడప అవతలే నిలబడిపోయింది. పేరు లక్ష్మి. కనిగిరి వైపు నుంచి కోతలకు వచ్చిన మనిషి, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. లోపల ఏడాది నిండని ఆమె కొడుకు తల్లిని చూసి ఏడుపు లంకించుకున్నాడు. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని చూస్తోంది తప్ప కదలదు. నాకు ఒళ్ళు మండింది. బిడ్డ గుక్కపెడుతుంటే ఎత్తుకోవేమమ్మా అని గదమాయించి, మస్తాన్‌బీగారు లోపల నుంచి ఆగమంటున్నా వినకుండా, నేనే వాణ్ణి తీసుకెళ్ళి ఆమె చేతుల్లో పెట్టాను. జారిపోతాడని భయపడి ఆమె పట్టుకోక తప్పలేదు. మరుక్షణం వాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. పొద్దుటి నుంచి మిరపకాయలు కోసిన చేతులవి. ఆ ఘాటు ఉత్త నీళ్ళకు పోదు. పసివాళ్ళ చర్మానికి అది నిప్పే.

 మస్తాన్‌బీగారు వాణ్ణి అందుకుని, చెంబులోని మజ్జిగ మెత్తటి గుడ్డ మీద పోసి బుగ్గలూ మెడా తుడుస్తూ కూర్చున్నారు. లక్ష్మి బేసిను ముందు కూలబడి మోచేతుల దాకా ముంచుకుంది. బిడ్డ సర్దుకున్నాక టీచరు ఆమెను పిలిచి, "ముందు నా బుగ్గ మీద పెట్టు," అన్నారు. లక్ష్మి అరచేతిని ఆమె బుగ్గకు ఆనించింది. "మండుతోందా టీచరమ్మా?" అంది. టీచరు కళ్ళు మూసుకుని కాసేపు చూసి, "కొంచెం ఉందే, ఇంకోసారి ముంచు," అన్నారు. రెండోసారి, "ఇప్పుడు చల్లగుంది, తీసుకో," అన్నారు. రోజూ, ప్రతి తల్లికీ అదే పరీక్ష అని తరవాత తెలిసింది. కోతలు ముగిసేదాకా ఆమె ఎడమ బుగ్గ ఎర్రగానే ఉండేది.

నేను వెళ్ళేముందు ఆమె నాతో అన్నది ఒక్కటే. "బిడ్డని తల్లికి ఎవరైనా ఇస్తారు మేడమ్. ఇచ్చేముందు కాస్త ఆగాలి, అంతే."

ఆ మాటకు దణ్ణం పెట్టాల్సింది పోయి, ఆఫీసుకు వెళ్ళి మెమో ఇచ్చాను. అహంకారం మండితే మజ్జిగ పనిచేయదు. వేళ మించి కేంద్రం ఎందుకు తెరిచారు, ఆ మజ్జిగకు పాలెక్కడివి అని రెండు ప్రశ్నలు. మూడో రోజున గుండ్రటి అక్షరాలతో జవాబు వచ్చింది: "మజ్జిగ మా గేదెది. మీరు మూయమన్న వేళకే మూస్తాను. అప్పటి నుంచి తల్లులు వచ్చేదాకా ఈ పిల్లల్ని ఎక్కడ ఉంచాలో కూడా మీరే రాసి ఇవ్వగలరు."

అది పైకి పంపితే ఆమె ఉద్యోగం పోతుంది. మెమో వెనక్కి తీసుకుంటే, ఆరింటిదాకా తెరవడానికి నేను అనుమతి ఇచ్చినట్టవుతుంది. అంత ధైర్యం నాకు లేదు. కాగితాలు రెండూ ఫైల్లో పెట్టాను, ఫైలు బీరువాలో పెట్టాను, ఆ విషయం మనసులో పెట్టుకున్నాను. ఆమె మాత్రం మనసులో పెట్టుకోలేదు. నెలనెలా పిల్లల్ని తూచేటప్పుడు, "మన మెమో ఎలా ఉంది మేడమ్? ఎత్తుకు తగ్గ బరువుందా?" అని అడిగేవారు. చిక్కిపోయింది, బరువుల చార్టులో ఎర్ర గీత కిందికి దిగిందనేదాన్ని. "పోనీండి. దానికి గుడ్డు పెట్టకండి," అనేవారు. ఆమె పదవీ విరమణ రోజున అందరి ముందూ దాన్ని చించుతానని మాటిచ్చాను. దానికింకా రెండేళ్ళుంది.

కోతల కాలంలో ఆమె ఒళ్ళో రిజిస్టరులో పేరు లేని పిల్లలు కనిపించేవారు. వీడెవడండీ అంటే, "చుట్టం మేడమ్. వచ్చి పోతుంటాడు," అనేవారు. వరసగా నలుగురైదుగురు కనిపించిన రోజున, మీకింతమంది చుట్టాలేమిటని నిలదీశాను. ఆమె తడుముకోలేదు. "మాది పెద్ద కుటుంబమండి. మీరూ చుట్టమే, నెలకోసారొస్తారు." నాకంటే మాటకారి దొరకడం నాకు అలవాటు లేదు. గుడ్డు ఒలిచి ఒక చుట్టానికి తినిపించాను.

ఆమె పోయిన రోజు నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి, మధ్యాహ్నం నమాజు తరవాత ఆమెను తీసుకెళ్తారన్నారు. వలీగారు మిషను మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. గుడ్డ లేదు, కాళ్ళు మాత్రం తొక్కుతున్నారు. కడపటి స్నానానికి ముందు ఆడవాళ్ళను చూడనిచ్చారు. అప్పుడే పొలం నుంచి ఆటోలు వచ్చాయి. కబురు తెలిసి కోత మధ్యలో వదిలేసి వచ్చిన తల్లులు, అందరూ గడప అవతలే ఆగిపోయారు, చేతులు వెనక్కి పెట్టుకుని. ఎవరూ లోపలికి రారు. ఎవరూ పిలవరు. చిట్టెమ్మ లోపలికి వెళ్ళి సత్తు బేసిను నిండా మజ్జిగ తెచ్చి గడపలో పెట్టింది.

గుంపులో ఒక పెద్దావిడ, "ఇంకామెకి మండదు కదే," అంది.

"మండకపోతే మాత్రం? అట్టా ముట్టుకుంటే ఆమె ఊరుకునేదా పిన్నీ?" అని లక్ష్మి ముందుగా వంగి చేతులు ముంచింది. ఆనాటి కొడుకు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు, తరవాత కూతురు పుట్టింది. ఆ పిల్ల చిట్టెమ్మ చంకలో ఉంది. లక్ష్మి లోపలికి వెళ్ళి అరచేతిని టీచరు ఎడమ బుగ్గ మీద పెట్టి, "మండుతోందా టీచరమ్మా?" అని అడిగి, అలాగే ఆగింది. అలవాటు చొప్పున ఆగింది. ఎంతసేపటికీ చెయ్యి తీయదు. చివరికి చిట్టెమ్మే వెళ్ళి, చల్లగానే ఉందిలే, ఇక తియ్యి అని లేవదీసింది.

నేను ఆ రోజు మిరపకాయ ముట్టలేదు. అయినా వరసలో నిలబడి చేతులు ముంచాను. బ్యాగులో మెమో ఉంది. తీయలేదు.

పోయిన వారం దాన్ని, ఆమె జవాబుతో సహా, పిల్లల్ని ఎక్కడ ఉంచాలన్న ఆ ప్రశ్నకు సమాధానం రాసి ఇవ్వమని పైకి పంపాను. ఇప్పుడు పోవడానికి ఆమెకు ఉద్యోగం లేదు కాబట్టి పంపగలిగాను. నా ధైర్యం అంతటిది. టీచరుగారూ, ఈ చుట్టం మీకు చేయగలిగింది ఇదే, అదీ ఆలస్యంగా.

సమాధానం ఇంకా రాలేదు. పక్క ఊరి టీచరుకు ఇన్‌చార్జి ఇచ్చారు. ఆమె నాలుగింటికి తాళం వేస్తోంది. ఆమె తప్పేం లేదు, వేళ అదే. లక్ష్మి కూతుర్ని చేలోకే తీసుకెళ్తోందట. సాయంత్రం డబ్బాలో తెచ్చుకున్న మజ్జిగతో చేతులు కడుక్కుంటుందట. కడుక్కున్నాక కూడా బిడ్డను ఎత్తుకోవడానికి చాలాసేపు భయపడుతుందని చిట్టెమ్మ చెప్పింది. చల్లగుంది, తీసుకో అనే మనిషి లేదు.