శుక్రవారపు గోరు

1999 మే 14, శుక్రవారం, మధ్యాహ్నం 2.20. వినుకొండ మెకానిక్ మహబూబ్ బాషా నమాజు ముగించి షెడ్డుకు వచ్చేసరికి, దారిలో ఆగిపోయిన యలమంద అంబాసిడర్‌ను అక్కడికి నెట్టుకొచ్చారు. వెనక సీట్లో యలమంద కూతురు నొప్పులు పడుతోంది. "కొత్త స్పార్క్ ప్లగ్గులు తెచ్చా, బిగించెయ్ బాషా!" అన్నాడు యలమంద. ప్లగ్గు పింగాణీని బొటనగోటితో గీకనిదే బాషా బిగించడు. నకిలీదైతే దానిమీది అచ్చు అక్షరాలు రాలతాయి, అది వేడికి పగిలి బండిని నడిదారిలో ఆపుతుంది. శుక్రవారం జుమ్మా నమాజుకు ముందు గోళ్లు తీసుకోవడం అతని మరో నియమం.

గోరు లేని వేలు పింగాణీ మీద జారింది. "సుబ్బరావమ్మగారూ, మీరు గీకండి," అని వెనక సీట్లో కూతుర్ని పట్టుకుని కూర్చున్న యలమంద భార్యకు అందించాడు. "ఇప్పుడా నీ పరీక్షలు!" అంటూనే ఆమె గీకింది. నాలుగింటి అక్షరాలూ పొడిగా రాలాయి. బాషా పాత ప్లగ్గులకే మసి తుడిచి బిగించాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది.

నరసరావుపేట ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ బరువు 2.8 కిలోలు.