చీనీకాయల సంచి

తక్కువకు వస్తుంది, వేరే సిమ్ముకు మారవ్వా అని మీరు పోరుతూనే ఉన్నారు. నాకెందుకు మనసు రాదో చెప్తాను నాన్నా.

ఒకసారి పులివెందులలో ప్రొద్దుటూరు బస్సెక్కాను. గొర్రెలు మేపుకునే ఒకామె మీరు బత్తాయిలనే చీనీకాయల సంచితో నా పక్కన కూర్చుంది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఉన్న వాళ్ళక్క గురించి నాలుగు రోజులుగా కబురు లేదని బయలుదేరిందట.

“చౌక సిమ్ము ఏసినప్పట్నుంచి మా ఊర్లో ఫోన్ పలికితే ఒట్టు. సిమ్ము అమ్మిన అంగడాయప్పను అడిగితే గుట్టెక్కి మాట్లాడమంటాండాడు. గొర్రెలంటే ఎక్కుతాయి, నేనేంటికి ఎక్కల్లమ్మా?” అని నవ్వింది.

ప్రొద్దుటూరు దగ్గర పడగానే ఆమె ఫోన్‌కు మెసేజీలు వరసగా వచ్చిపడ్డాయి. చదువు రాదని నా చేతికిచ్చింది. అన్నీ వాళ్ళక్క కొడుకువే. చివరిది మనసులోనే చదువుకున్నాను. “చిన్నమ్మా, అమ్మ పోయింది. నీకోసం చూసి చూసి నిన్న మన్ను చేసినాం.”

ఫోన్ ఆమె చేతిలో పెట్టేశాను. “కంపెనీవాళ్ళ ఆఫర్లమ్మా,” అన్నాను.

ఆమె నా ముఖం వైపే చూసింది. “అన్నీ ఆఫర్లేనా?”

తలూపాను.

బస్టాండులో దిగేటప్పుడు సంచి తీసి నా ఒళ్ళో పెట్టింది.

“నువ్వు తీస్కపోమ్మా. మాయక్క ఇంక తినదులే.”