బొచ్చెలకు వేపాకు కషాయం

ఆ రోజుల్లో కోనసీమలో జంతుశాస్త్రం డిగ్రీ పాసైనవాడు చేయగలిగింది ఒక్కటే, పెళ్ళి కుదిరేదాకా ఎవరి చేపల చెరువునో పాడుచేయడం. తొంభైల చివర్లో నాకు దొరికింది పలివెల దగ్గర మా మావయ్య చెరువు. ఎకరన్నర ఉండేది (నా జ్ఞాపకంలో బంగాళాఖాతంలో సగం). "ఒరేయ్ అల్లుడూ, ఈ ఒక్క పంటా చక్కగా తీసేవంటే చెరువు నీ చేతుల్లో పెట్టేస్తాను. లేదంటే బుద్ధిగా అమలాపురం వెళ్ళి బీయీడీలో చేరిపో" అన్నాడు మావయ్య. నాకేమో బడిపిల్లలంటే చచ్చేంత భయం. ఆ విధంగా నా బతుకు బొచ్చె చేపల మీద ఆధారపడింది.

చెరువులో వలేసి చేపలు పట్టే పట్టుబడి ఇంకో నెల ఉందనగా వాటికి పేను పట్టింది. తలలో పేను కాదు, చేపను కరుచుకుని రక్తం పీల్చే పురుగు. మెంతిగింజంత ఉంటుంది (నేను చూసినవి అప్పడాలంత). చేపలు దురద భరించలేక గట్టుకేసి ఒళ్ళు రుద్దుకుంటుంటే నేను ఒడ్డున గోక్కునేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి కనక లెక్కకట్టి మూడు గుండిగల వేపాకు కషాయం కాచి పోశాను. మూడే. మితిమీరితే వేపాకు చేపనే చంపుతుంది.

పోసి గట్టున కూర్చున్నానో లేదో, అత్తయ్య ఇంకో గుండిగ మోయించుకొచ్చింది. "మూడేనా నాయనా? పాపం, అంత చెరువుకి ఏ మూలకి?" అత్తయ్య మూడోసారి వడ్డించే అన్నమే వద్దనలేను, కషాయం వద్దంటానా? పోశాను. అంతలో నాకు ఎక్కాలు నేర్పిన మేస్టారు రిక్షాలో రెండు గుండిగలతో దిగేరు. "ఏమండీ డిగ్రీగారూ, మా కషాయం పనికిరాదాండీ?" "అబ్బే, ఎంతమాటండీ!" అవీ పోశాను. ఇక వీధి వీధంతా పేరంటానికొచ్చినట్టు వచ్చింది. ఒకరిది పోసి ఇంకొకరిది పొయ్యకపోతే మాటొచ్చేస్తుంది. "చాలండీ" అందామని నోరు తెరిస్తే "ఆయ్, పోసేయండి" అని వచ్చేది.

తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇంజను పెట్టి కాలవ నీళ్ళు చెరువులోకి తోడాను. మొలలోతు దిగి చేతులతో నీళ్ళు చిలికాను. ఏడ్చాను (నీటిమట్టం జానెడు పెరిగింది). మధ్యాహ్నానికి చెరువంతా తెల్లటి పొట్టలే. ఒక బొచ్చెను నీళ్ళలోనే పట్టుకుని చూస్తుంటే, దాని మీది పేను నిక్షేపంగా లేచి ఈదుకుంటూ వెళ్ళిపోయింది.

మావయ్య వచ్చాడు. తిట్టలేదు, అదే నన్ను చంపేసింది.

"ఎన్ని పోసేవురా?"

"నావి మూడే మావయ్యా. మిగతావి... పెద్దవాళ్ళు కదా, వద్దంటే ఏం బావుంటుంది?"

మావయ్య వంగి ఒక చచ్చిన బొచ్చెను గట్టు మీదికి తీశాడు. "నువ్వు భోజనానికెళ్ళినప్పుడు నేనూ ఒకటి పోసేన్రా. మేస్టారు మరీ మొహమాటపెట్టేసేరు" అన్నాడు మెల్లిగా.

ఆ నెలలోనే బీయీడీలో చేరిపోయాను. కానీ నాకు గుర్తొచ్చేది చేపలు పోయిన ఆ సాయంత్రమే. గుండిగల కోసం ఒక్కొక్కరే వచ్చేరు. "మాది పనిచేసిందాండీ?" అని అందరూ ఆశగా అడిగేవారే. మొల దాకా బురదతో, చచ్చిన చేపల మధ్య నిలబడి, ఎవరి గుండిగ వాళ్ళకి కడిగి అందిస్తూ, "ఆయ్, బ్రహ్మాండంగా పనిచేసిందండీ" అంటున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వాక కాసేపు ఏమీ తోచదు.