చప్పుడు లేని కారులో పెనుగంచిప్రోలు

పొద్దున ఏడింటికి నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కాను. ఇప్పుడు ఆడవాళ్లకి బస్సు ఊరికే, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మీరెవరైనా వెళ్తే ఆ కార్డు చేతిలోనే పెట్టుకోండి. నేను సంచి అడుగున పెట్టి మాట పడ్డాను.

"మామ్మా, సంచి విప్పకు, నీ మిరపకాయల ఘాటుకి బస్సంతా తుమ్ముతోంది" అన్నాడు కండక్టరు. షావుకారు గారింటికి తీసుకెళ్తున్న ఎండుమిరపకాయలవి.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. తప్పులుంటే దానివి.

ఎందుకు బయల్దేరానంటే, మా ఆయన జగ్గయ్యపేటలో పత్తి వ్యాపారం చేసే షావుకారు గారి దగ్గర డ్రైవరు. ఆయన పోయాక ఆ స్టీరింగే మా అబ్బాయి శ్రీను పట్టాడు. షావుకారు గారు కూడా పోయారు. ఇప్పుడు వాళ్లబ్బాయి చిన్నబాబు పాత డీజిలు కారు అమ్మేసి పెద్ద కారు కొన్నాడు. పెట్రోలుతోనూ, కరెంటుతోనూ నడుస్తుందట. హైబ్రిడ్ అంటారు. ఇలాంటివి నడిపిన డ్రైవరుని బెజవాడ నుంచి తెస్తానని చిన్నబాబు అంటే, వాళ్లమ్మగారు ఒప్పుకోలేదు. "గుళ్లో బండి పూజ రోజు శ్రీనుకిచ్చి చూడు, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నారట. నన్నూ రమ్మని కబురు పెట్టారు. ఈ పని పోతే మా వాడికి మిగిలేది ముక్త్యాలలో సున్నపురాయి లారీలే. ఆ దుమ్ములో వాణ్ణి తిప్పడం నాకిష్టం లేదు.

ఎనిమిది దాటాక పేటలో దిగి, ఆటోకి ఇరవై ఇచ్చి ఇల్లు చేరాను. వాకిట్లో నల్ల కారు నిగనిగలాడుతోంది. మొగుడు పోయినదాన్ని, కొత్త బండికి ఎదురెందుకని గోడవారగా వెళ్లబోయాను. అమ్మగారు మెట్ల మీద నుంచే కేకేశారు.

"ఏమే మంగా, దొంగలా ఆ పక్కనుంచేంటి? నేనేమన్నా పుణ్యస్త్రీనా? ఎక్కు ముందు!"

ఇద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. చిన్నబాబు నడిపాడు, శ్రీను పక్కన. బండి ఎప్పుడు కదిలిందో తెలియలేదు. కిటికీలో గేటు వెనక్కి పోతుంటే చూసి తెలుసుకున్నాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఉన్న కాస్త చప్పుడూ పోయింది.

"బాబూ, ఆగిపోయింది" అన్నాను.

"ఆగలేదు మంగత్తా, కరెంటు మీద పోతోంది. ఎప్పుడు ఏది కావాలో అదే చూసుకుంటుంది."

"మరి డ్రైవరెందుకు?" అని నోరు జారాను. శ్రీను వెనక్కి తిరిగి చూసిన చూపుకి మళ్లీ మాట్లాడితే ఒట్టు.

పాత బండి అలా కాదు. చలికాలం పొద్దున్నే మొండికేసేది. టీ కొట్టు దగ్గరి వాళ్లు గ్లాసులు పక్కనపెట్టి వచ్చి తలో చెయ్యీ వేసేవారు. ఒక్కసారి అందుకుని దడదడమంటే, దాన్ని తామే కన్నట్టు నవ్వుకునేవారు. అప్పుడు మేం పేటలోనే ఉండేవాళ్లం. సందు మొదట్లో ఆ దడదడ వినబడగానే నేను కంచం కడిగేదాన్ని. ఆయనకన్నా ముందు ఆ చప్పుడే ఇంటికొచ్చేది.

పది దాటాక పెనుగంచిప్రోలు అమ్మవారి గుడి చేరాం. కొత్త బండికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఇంజను స్టార్టు చేశాక కొబ్బరికాయ కొడతారు. చిన్నబాబు తాళం శ్రీనుకిచ్చి పూజ టికెట్టుకి వెళ్లాడు.

శ్రీను సీట్లో కూర్చుని బటను నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. లేదు. మళ్లీ. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇంజను అందుకోనీ నాయనా, కాయ కొడతాను" అన్నారు పూజారి గారు.

పక్కన ట్రాక్టరుకి పూజ చేయిస్తున్న రైతులు చూశారు. "కొత్త కారుకి అప్పుడే మొండా? పట్టండ్రా, తలో చెయ్యేద్దాం!" అని వెనక చేరారు. నేనూ కొంగు దోపి చెయ్యేశాను. పాత బండి అలవాటున శ్రీను గేరు మార్చాడు. కారు దూదిలా కదిలింది. మేమే నెట్టామనుకుని "హైలెస్సా" అన్నాం. నిమ్మకాయలు చితికాయి, పూజారి గారు పళ్లెం వదిలేసి పక్కకి గెంతారు. శ్రీను గట్టిగా బ్రేకు తొక్కాడు. మేమంతా డిక్కీ మీద పడ్డాం.

చిన్నబాబు పరిగెత్తుకొచ్చాడు. "కారుని నెడతారా ఎవరైనా? అది ఎప్పుడో స్టార్టయింది! దిగు శ్రీనూ."

శ్రీను దిగి తాళం ఇచ్చేశాడు. "చప్పుడు రాలేదని మళ్లీ మళ్లీ నొక్కి నేనే ఆపేశానండి. ఆఖర్న ఆనయిందని తెలీలేదు. పంతులు గారికి తగిలుంటే... తప్పు నాదే." నా కళ్ల ముందు ముక్త్యాల లారీలు వరసగా నిలబడ్డాయి.

అమ్మగారు ఉన్నట్టుండి నవ్వారు. "డీజిలు కారు కొన్న రోజు శ్రీను వాళ్ల నాన్న చేసిందీ ఇదేరా. అది వేడెక్కేదాకా ఆగాలని తెలియక, తాళం తిప్పి తిప్పి బ్యాటరీ చంపాడు. మీ నాన్న పట్టు పంచెతో చుట్టాల పెళ్లికి నడిచెళ్లారు. మర్నాడు తనే పక్కన కూర్చుని నేర్పించారు."

పూజ అయింది, గుడి దగ్గర పులిహోర తిన్నాం. చిన్నబాబు చెయ్యి కడుక్కుని తాళం శ్రీను చేతిలో పెట్టాడు. "చెవులతో కాదు, స్టార్టయితే వెలిగే ఆ లైటు చూసి నడుపు. మంగత్తని నందిగామలో దింపుదాం. నేను పక్కనే ఉంటా. ఎలా నడుపుతావో చూస్తా."

పన్నెండున్నరకి తిరుగు ప్రయాణం. మొదట్లో చిన్నబాబు ఒక చేత్తో తలుపు పైనున్న పిడి పట్టుకుని, లేని బ్రేకు కాలితో తొక్కుతూనే ఉన్నాడు. దారిలో మేకల మంద అడ్డమొచ్చింది. చప్పుడు వినబడక వాటికి మా ధ్యాసే లేదు. శ్రీను హారన్ కొట్టలేదు. అద్దం దించి "హెయ్, హెయ్" అంటూ వాటి వెనకే నడకలా పోనిచ్చాడు. కాపరి తిరిగి చూసి, "ఓర్నీ, ఎప్పుడొచ్చావయ్యా!" అని నవ్వి మందని తోలుకున్నాడు. ఆ తర్వాత పత్తి చేల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. చిన్నబాబు చెయ్యి పిడి మీద నుంచి జారింది. తల పక్కకి వాలింది.

పాత బండిలో షావుకారు గారూ ఆ సీట్లోనే నిద్రపోయేవారు. గురక పెట్టేవారో లేదో ఆ దడదడలో ఎవరికీ తెలియదు. చిన్నబాబు గురక మాత్రం శుభ్రంగా వినిపించింది. అమ్మగారు నా మోచేతిని పొడిచారు. "బెజవాడ వాడికి రావద్దని నేనే ఫోను చేయిస్తాలే" అన్నారు గుసగుసగా.

పాత కారు మీద బెంగ నాకు పోదు. కానీ ఆ పూట ఆ నిశ్శబ్దం కడుపు నిండా తిన్నట్టుంది. మా వీధిలో దిగి తలుపు మెల్లగా వేశాను. మా వాడు బండి ఆపిన సంగతి చిన్నబాబుకి ఇంకా తెలియలేదు.