మూడు చర్చిల ముందు సంతకాలు

నల్లజాతికి చెందిన వెర్లీన్ టబ్స్ అమెరికాలో మిసిసిపీ డెల్టాలోని ఆ చిన్న ఊళ్లో ఇరవయ్యారేళ్లుగా బడి నర్సు. తూర్పు బడిలో ఎక్కువగా నల్లపిల్లలు, పడమటి బడిలో తెల్లపిల్లలు, రెండింటిలోనూ కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే మెక్సికన్ల పిల్లలు. కడుపునొప్పని వచ్చి, తలుపు వేశాక అసలు సంగతి ఏడుస్తూ చెప్పేవాళ్లు మాత్రం అందరిలోనూ ఉండేవారు.

విశ్వవిద్యాలయం వాళ్లు పిల్లల లైంగిక ఆరోగ్యం మీద పరిశోధన కోసం ప్రశ్నపత్రాలు పంపితే రెండు బళ్లలోనూ ఆమే పంచింది. "పేరు రాయొద్దు, నిజం రాయండి. దీన్ని పట్టుకుని మిమ్మల్నెవరైనా వేలెత్తి చూపితే నేనూరుకోను," అని పిల్లలకు మాటిచ్చింది.

నివేదిక వచ్చాక ఆ మాటకే ముప్పొచ్చింది. రెండు బళ్లనూ నడిపే బోర్డు సమావేశంలో చైర్మన్ హాస్క్యూ అందులో ఒక్క పేజీ పైకెత్తి చూపాడు. "గర్భాలు, జబ్బులు తూర్పు బడిలోనే ఎక్కువట. ఆ లైంగిక ఆరోగ్యం పాఠమేదో అక్కడే పెడదాం. ఏమ్మా వెర్లీన్, పదేళ్లుగా అడుగుతున్నావుగా, తీసుకో."

"ఎనిమిదో పేజీ కూడా తిప్పండి సార్."

"అందులో ఏముంది?"

"'ఇవన్నీ నీకెవరు చెప్పారు?' అన్న ప్రశ్న. ఏ రంగు పిల్లలైనా ఎక్కువమంది రాసిందొకటే, ఎవరూ చెప్పలేదని. పడమటివాళ్లకి కారుంది, డాక్టరున్నాడు. మావాళ్లకి ఆస్పత్రి నలభై మైళ్లు. దానికి మా చర్మాన్నంటే ఎలా?"

"మా వైపు తల్లిదండ్రులు ఒప్పుకోరు. వాళ్ల సంతకం లేందే పిల్లల్ని కూర్చోబెట్టకూడదు, తెలుసుగా."

తెలుసు. పిల్లలతో పంపిన కాగితాలు సంచుల అడుగునే నలిగిపోతాయనీ తెలుసు. అందుకే ఈ సమావేశానికి ముందే ఆమె నాలుగు ఆదివారాలు చర్చిలు వదిలే వేళకు బయట కాపు కాసింది. ఆ ఊళ్లో ఎవరి చర్చి వారిది. నల్లవాళ్లది, తెల్లవాళ్లది, మెక్సికన్లది, మూడింటి ముందూ కార్ల బానెట్ల మీదే కాగితాలు పెట్టి సంతకాలు చేయించింది. తెల్లవాళ్ల చర్చి దగ్గర ఒకావిడ, "మా పిల్లకెందుకివన్నీ?" అని కసిరి, భర్త కారెక్కగానే వెనక్కొచ్చి, "పెన్నిలా ఇవ్వు, త్వరగా," అంది.

వెర్లీన్ కాగితాల కట్ట బల్లమీద పెట్టింది. "మూడు వందల పన్నెండు. సగం మీ వైపువే."

"మొండికేస్తే తూర్పు బడికి వచ్చేదీ పోతుంది," అన్నాడు హాస్క్యూ.

ఆ పాఠం రేపే కావలసిన పిల్లలు ముగ్గురు ఆమె కళ్లముందు మెదిలారు. అయినా కూర్చోలేదు.

"అక్కడొక్కచోటే పెడితే మా పిల్లల మొహాన ముద్ర వేసినట్టే. ఆ పాఠం నేను చెప్పను. అందరికీ పెట్టండి, లేకపోతే నర్సు కాదందని రాసుకోండి. ఎందుకు కాదందో కూడా రాయండి."

"బెదిరిస్తున్నావా?"

"బతిమాలడం అయిపోయింది సార్."

ఓటు పెట్టారు. అందరికీ అన్నవాళ్లు ముగ్గురు, కాదన్నవాళ్లు ఇద్దరు.

హాస్క్యూ కాగితాలు సర్దుకుంటూ, "ఆడపిల్లలకో గది, మగపిల్లలకో గది. చట్టం," అన్నాడు.

"అలాగే సార్. రంగుకో గదని మాత్రం చట్టంలో లేదు."