తమ్ముడి నెత్తురు

లింగాల పెంటయ్యకు అరవై ఆరేళ్లు. ముప్పై ఏళ్లుగా ఏటా మట్టిపనికి వలసపోతున్న మనిషి. కిందటేడు పనిచోట ఒక ముసలాయన కుప్పకూలి పోయాక, మేస్త్రీ రాఘవేందర్ తెగేసి చెప్పాడు: అరవై దాటినవాళ్లు గుండెకు సంబంధించిన రక్తపరీక్ష చేయించుకుంటేనే లారీ ఎక్కాలి.

పెంటయ్యకేమో నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊళ్లో ఖాళీగా కూర్చోవడమంటే చావే ఆయనకు. ఇంకేం, ఆ బుర్రకు పెద్ద ఉపాయమే తట్టింది! తమ్ముడు బాలస్వామిని బతిమాలాడు. బాలస్వామికి యాభై ఎనిమిది, పరీక్ష అక్కర్లేదు, ఇప్పటికీ బండలు కొడతాడు. నవ్వుకుంటూ పోయి, నేనే పెంటయ్యనని చెప్పి సూది గుచ్చించుకుని వచ్చాడు.

మూడోనాడు దవాఖానలో డాక్టరమ్మ కాగితం చూసి, పెంటయ్యను కూర్చోబెట్టి, అందులో ఒక అంకె మీద వేలు పెట్టింది.

"గుండె అలిసిపోతే నెత్తుర్ల ఇది పెరుగుతది పెద్దాయనా. నీకు చానా పెరిగింది. మందులేసుకోక, బరువులు మోస్తే ఏడాది కూడ కష్టమే."

ఆ నెత్తురు తమ్ముడిదాయె! ఇంటికొచ్చినా పెంటయ్య కాలు ఒకచోట నిలవలేదు. చెబితే చేసిన మోసం బయటపడుతుంది, మేస్త్రీ మళ్లీ ఎన్నడూ పిలవడు. ఇవ్వాళ, రేపు అంటూ రెండు రోజులు నాన్చాడు, సిగ్గులేని మనిషి! ఈలోగా పరీక్ష సంగతి దవాఖానలో తెలుసుకున్న మేస్త్రీ ఆయన పేరు కొట్టేసి, ఆ జాగాలో బాలస్వామిని పెట్టుకున్నాడు.

తెల్లారి లారీ బయలుదేరుతుంటే పెంటయ్య రొప్పుతూ వచ్చి అడ్డం పడ్డాడు.

"దిగురా తమ్మీ! గా కాగితం నాది కాదు, నీది!"

బాలస్వామి పకపకా నవ్వాడు. "నీ జాగ పోయిందని కడుపుమంటనా అన్నా?"

"మేస్త్రీ, సూది గుచ్చింది వీనికే. నేనే దొంగతనంగ పంపిన. నన్ను ఎన్నడూ తోల్కపోకు, వీన్ని మాత్రం దించు!" పెంటయ్య లారీ ముందు నేల మీద కూలబడ్డాడు. గుంపంతా నోరెళ్లబెట్టింది.

బాలస్వామి నవ్వు ఆగిపోయింది. సంచి పట్టుకుని మెల్లగా దిగాడు. లారీ పోయింది. ఇద్దరూ దవాఖాన తోవ పట్టారు. నడుస్తూ బాలస్వామి అడిగాడు.

"డాక్టరమ్మ నీతోని ఎన్నాళ్లన్నదే?"

పెంటయ్య తమ్ముడి చేతిలోని సంచి లాక్కుని, రొప్పుతూనే, తన భుజాన వేసుకున్నాడు.